పాత గుమ్మాలకు కొత్త తలుపులు అమర్చడానికి ఏ ప్లేనర్ కొనాలి, ఎలా వాడాలి?

కాకినాడ_గృహస్థు (ప్రశ్న):

మా ఇంటి లోపలి గదులకు పాత టేకు గుమ్మాలు ఉన్నాయి. గోడలు పగలగొట్టడం ఇష్టం లేక గుమ్మాలను అలాగే ఉంచి, పుచ్చిపోయిన తలుపుల స్థానంలో 32 మి.మీ. మందం, 81 అంగుళాల ఎత్తు, 33 అంగుళాల వెడల్పు ఉన్న ఫ్లష్ డోర్లు (లోపల చెక్క చట్రం, ఇరువైపులా చదునైన పలకలు ఉండే తలుపులు) తెప్పించాం. వాటిలో రెండింటికి దుకాణంలోనే ఇరువైపులా సన్‌మైకా అతికించి పంపారు. బిగించడానికి వచ్చిన వడ్రంగి గుమ్మాన్ని ఒక్కచోట టేపు పెట్టి కొలిచి, కటింగ్ మెషిన్‌తో అంచు కోసేస్తే సరిపోతుందన్నాడు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. నేను స్వయంగా కొలిచి చూస్తే ఒక గుమ్మంలో తలుపు కూర్చునే రిబేటు వెడల్పు పైన 838 మి.మీ., కింద 833 మి.మీ. వచ్చింది, ఎత్తు నేల వరకు 2060 మి.మీ. ఉంది.

పనిముట్లు పట్టే అలవాటు కొంత ఉంది కాబట్టి ఈ పని నేనే నిదానంగా చేసుకోవాలనుకుంటున్నాను. ఎలక్ట్రిక్ ప్లేనర్ (చెక్క అంచును పలచగా చెక్కి తీసే మెషిన్) కొనాలా, అదే పని చేతితో చేసే చిత్రిక చాలా అన్నది నా మొదటి సందేహం. ఫ్లష్ డోరు అంచు నుంచి ఎంత చెక్క తీస్తే ప్రమాదం ఉండదు, చుట్టూ ఎంత సందు వదలాలి, సన్‌మైకా ఉన్న తలుపుల అంచు పెచ్చులు లేవకుండా ఎలా తీయాలి అన్నవి కూడా తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. పూజగదికి రెండు రెక్కల పాత టేకు తలుపు ఉంది. అది వానాకాలంలో బిగుసుకుపోతోంది. ప్లేనర్ కొన్నాక దాన్ని కూడా కాస్త తీయవచ్చునా?

గోదావరి_వడ్రంగి:

నమస్కారమండి. రాజమహేంద్రవరంలో తలుపులు, కిటికీల పని మా ఇంటి వృత్తి. మీరు అడిగింది ప్లేనర్ గురించే అయినా దానికి జవాబు గుమ్మం కొలతల్లోనే ఉంది కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ఆ తరువాత మడతబందులు వచ్చే వైపు నిలువు కమ్మీకి తూకపు గుండు వేలాడదీసి చూడాలి. మీ గుమ్మంలోని 5 మి.మీ. తేడా రెండు కమ్మీల్లోనూ పంచుకుని ఉందా, ఒకదానిలోనే ఉందా అన్నది దీనితో తేలిపోతుంది. బందుల వైపు కమ్మీ నిలువుగా ఉంటే తలుపు ఆ వైపు అంచును తిన్నగా ఉంచి, తేడానంతా తాళం వైపు అంచులో సర్దాలి. బందుల వైపు కమ్మీయే ఒరిగి ఉంటే తలుపు వదిలిన చోట నిలవకుండా తనంతట తానే కదులుతుంది. చిత్రిక పట్టి ఆ దోషాన్ని పోగొట్టలేం; ఒక బందు కింద పలచని అట్ట పెట్టి, బందుల మూడింటి ఇరుసులూ ఒకే నిలువులోకి వచ్చేటట్లు చూసుకోవాలి.

బందుల వైపు కమ్మీ బాగానే ఉందనుకుని లెక్క వేద్దాం. నేను లోపలి తలుపుకు రెండు పక్కలా, పైనా 3 మి.మీ. చొప్పున సందు వదులుతాను. పెయింటు మందంగా వేసే ఉద్దేశం ఉంటే మరో అర మిల్లీమీటరు. అంటే తలుపు వెడల్పు పైన 832, కింద 827 మి.మీ. ఉండాలి. 33 అంగుళాల తలుపు 838 మి.మీ. ఉంటుంది కాబట్టి బందుల వైపు పొడవునా 3 మి.మీ., తాళం వైపు పైన 3, కింద 8 మి.మీ. తీయవలసి వస్తుంది. ఎత్తు 2057 మి.మీ.; పైన 3, కింద నేలకు 8 వదిలితే 2049 మిగలాలి, కనుక అడుగు నుంచి 8 తీయాలి. అడుగు కోసే ముందు తలుపు తిరిగే మేరంతా రసమట్టంతో నేలను చూడడం మరవవద్దు. పాత ఇళ్లలో గది మధ్యలో నేల మిట్టగా ఉండడం సాధారణం. గుమ్మం దగ్గర 8 మి.మీ. సందుతో ఉన్న తలుపు సగం తెరిచేసరికి గచ్చుకు రాసుకుంటుంది.

ఈ లెక్కతో ఏ పనిముట్టు ఎక్కడ వాడాలో తెలుస్తుంది. 3 మి.మీ. తీయాల్సిన అంచు ప్లేనర్ పని. 3 నుంచి 8 మి.మీ. వరకు వాలుగా తీయాల్సిన అంచుకు, 8 మి.మీ. తీయాల్సిన అడుగుకు ముందు రంపమే వాడాలి: గీత నుంచి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు వదిలి, నిటారైన బద్దను క్లాంపులతో బిగించి, దాని వెంట సర్క్యులర్ సా నడిపి, మిగిలినది ప్లేనర్‌తో తీయాలి. మీ ఇంటికి వచ్చిన వడ్రంగి మెషిన్‌తో కోస్తాననడంలో తప్పు లేదు. ఒక్కచోటే కొలవడం, కోసిన అంచును అలాగే వదిలేయాలనుకోవడం సరికాదు.

ఎంత తీయవచ్చునన్న ప్రశ్నకు వస్తే, ఫ్లష్ డోరు ఐ.ఎస్. 2202 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారైనదైతే లోపలి చట్రపు నిలువు పట్టీలు, అడ్డపట్టీలు 45 మి.మీ. వెడల్పుకు తగ్గకూడదు. ఒక వైపు 8 మి.మీ. తీసినా చట్రం మిగులుతుంది గానీ, తాళం మోర్టైజ్ రకానిదైతే దాని డబ్బా కోసం ఆ పట్టీలోనే లోతుగా తొలవాల్సి ఉంటుంది కనుక తాళం వైపు 8 మి.మీ.ను నేను హద్దుగా పెట్టుకుంటాను. ఆ ప్రమాణపు గుర్తు లేని తలుపైతే అడుగు అంచు చూసి చట్రం వెడల్పు తెలుసుకోవచ్చు, ఎందుకంటే నిలువు పట్టీల కొసలు అక్కడ కనబడతాయి. అంచుకు టేకు లిప్పింగ్ (అంచును కప్పే పలచని చెక్క పట్టీ) కొట్టి ఉంటే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. లిప్పింగ్ మందం 6 మి.మీ. అయితే 3 మి.మీ. తీశాక సగమే మిగులుతుంది. పైగా దాన్ని అతికించేటప్పుడు తల లేని సన్న మేకులు కొడతారు. ప్లేనర్ పెట్టేముందు అంచు పొడవునా అయస్కాంతం నడిపి, దొరికిన ప్రతి మేకునూ పంచ్‌తో లోపలికి దించండి. ఒక్క మేకు తగిలినా బ్లేడు గాటు పడి, ఆ తరువాత తీసిన ప్రతి అంచు మీదా సన్నని గీత ఉబ్బి కనబడుతుంది.

ఇక మెషిన్ సంగతి. చేతిలో పట్టే ఎలక్ట్రిక్ ప్లేనర్లలో తలుపు పనికి 82 మి.మీ. వెడల్పు రకం సరిపోతుంది. మకిటా 1900బి ఒక్కో పట్టుకు (అంచు మీద ఒకసారి నడిపితే) గరిష్ఠంగా 1 మి.మీ. తీస్తుంది, 580 వాట్లది, బాష్ జి.హెచ్.ఓ. 6500 రకం 650 వాట్లతో 2.6 మి.మీ. వరకు తీస్తుంది. కొనేవారు ఎక్కువ లోతు తీసేదాని వైపు మొగ్గు చూపుతారు గానీ తలుపు అమర్చేటప్పుడు ఒక పట్టుకు అర మిల్లీమీటరు దాటాల్సిన పని దాదాపుగా రాదు. నేనైతే లోతుకన్నా ఈ సంగతులు చూస్తాను: పక్కన బిగించే గైడు పెట్టెలో ఉందా, అది వణకకుండా బిగుస్తుందా, లోతు తిప్పే మరలో మెట్లు స్పష్టంగా పడుతున్నాయా, ముందు ప్లేటు కింద అంచుల పదును తీయడానికి వి ఆకారపు గాడి ఉందా, పని మధ్యలో మెషిన్ కింద పెడితే బ్లేడు నేలకు తగలకుండా వెనక నుంచి దిగే చిన్న కాలు ఉందా, బ్లేడ్లు మీ ఊళ్లో దొరుకుతాయా. ఫ్లష్ డోరులోని జిగురు, ప్లైవుడ్డు పొరలు మామూలు హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బ్లేడును తొందరగా మొద్దుబారుస్తాయి. కార్బైడ్ బ్లేడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. రెండు అంచులున్న పలచని రకంలో ఒక అంచు అరిగితే తిప్పి వేసుకోవచ్చు. మీ సన్‌మైకా తలుపులకైతే కార్బైడ్ తప్పనిసరి.

వాడే పద్ధతి చెబుతాను. తలుపును గుమ్మంలో చీలికల మీద నిలిపి, కొలతల ప్రకారం రెండు ముఖాల మీదా గీత గీయాలి; పెన్సిలు కన్నా పదునైన కత్తితో ఉక్కు స్కేలు వెంట గీసిన గీత మేలు, ఎందుకంటే అది పైపొరను ముందే కోసి పెడుతుంది. తరువాత తలుపును పొడవు అంచు మీద నిలబెట్టి, గది మూలకు ఆనించి, కింద గాడి తీసిన రెండు చెక్కల్లో మేకుబద్దలతో బిగిస్తే కదలకుండా నిలుస్తుంది. తలుపు వెడల్పు 838 మి.మీ. కాబట్టి పై అంచు నడుము దగ్గరికి వస్తుంది, వంగనక్కరలేదు.

ప్లేనర్‌కు ముందు ప్లేటు, వెనక ప్లేటు అని రెండుంటాయి. వెనక ప్లేటు బ్లేడు అంచుతో సమాన ఎత్తులో ఉంటుంది. లోతు మర తిప్పితే ముందు ప్లేటు పైకి జరుగుతుంది, ఆ తేడా ఎంతో అంత చెక్క తెగుతుంది. ముందు ప్లేటును చెక్క మీద ఆనించి, బ్లేడు ఇంకా తగలకముందే స్విచ్ నొక్కి, పూర్తి వేగం అందుకున్నాకే ముందుకు నడపాలి. మొదట్లో బరువు ముందు చేతి మీద, నడుమ రెండింటి మీద, చివర వెనక చేతి మీద ఉండాలి. చివర కూడా ముందు చేతితో అదిమితే ముందు ప్లేటు చెక్క దాటగానే ముక్కు కిందికి వాలి, అంచు కొస దగ్గర గుంట పడుతుంది. కొత్తగా పట్టినవారి తలుపుల్లో తాళానికి పైనా కిందా సందు సమంగా ఉండి, కొసల దగ్గర మాత్రం వెలుతురు ఎక్కువగా కనబడడానికి కారణం ఇదే.

82 మి.మీ. ప్లేటును 32 మి.మీ. అంచు మీద నడుపుతున్నాం కనుక మెషిన్ ఒక పక్కకు ఒరగడం సహజం. గైడును తలుపు ముఖానికి ఆనించి నొక్కి ఉంచడమే దానికి మందు. రెండు పట్లు పట్టాక ఒకసారి మూలమట్టం పెట్టి చూడండి. గీత దగ్గరపడ్డాక లోతును పావు మిల్లీమీటరుకు తగ్గించి ఒకే పట్టు చివరిదాకా ఆపకుండా పట్టాలి.

పైఅంచు, అడుగు అంచుల్లో రెండు కొసలా నిలువు పట్టీల పోగు తెగిన ముఖం, అంటే చెక్క నారలు అడ్డంగా తెగి కనబడే భాగం ఉంటుంది. అక్కడ మెషిన్ లోపలి నుంచి బయటికి నడిపితే మూల పెచ్చు లేచి ఊడిపోతుంది. అందుకని రెండు కొసల నుంచీ నడుమకు పట్టాలి, లేదా అవతలి కొసకు ఒక పనికిరాని చెక్కను సమానంగా క్లాంపు వేసి బిగిస్తే ఊడేదేదో ఆ చెక్కే ఊడుతుంది.

సన్‌మైకా తలుపులకు గీత మీద కత్తితో గట్టిగా రెండుసార్లు కోసి, లోతు 0.3 మి.మీ. దాటకుండా పెట్టి, మెషిన్‌ను నెమ్మదిగా నడపండి. గీతకు అర మిల్లీమీటరు దూరంలో ఆపి, మిగిలిన మైకా అంచును సన్న ఆకురాయితో బయటి నుంచి చెక్క వైపుకే రాయండి. వెనక్కి లాగితే పెచ్చు లేస్తుంది. ఇక ముందు తీసుకునే తలుపులకు మాత్రం అమరిక పూర్తయ్యాకే మైకా అతికించుకోండి.

స్విచ్ వదిలాక కూడా బ్లేడు డ్రమ్ము కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేవరకు చేయి కిందికి పోనీయవద్దు. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే బ్లేడు దారిలోకి రాదు. కళ్లద్దాలు, చెవులకు మూతలు, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది.

ఇందూరు_రందా:

పై జవాబు బాగుంది. అయితే ప్రశ్న అడిగినవారు నిదానంగా చేసుకోవాలనుకుంటున్నామని, పనిముట్లు పట్టే అలవాటు ఉందని రాశారు. మనుషులు ఉంటున్న ఇంట్లో నాలుగైదు తలుపుల కోసం ఎలక్ట్రిక్ మెషిన్ కొనడం అవసరమా అని ఆలోచించమని కోరుతున్నాను. చేతి చిత్రికను మా నిజామాబాద్ వైపు రందా అంటాం. మంచి రందా ఒకటి ఉంటే రంపంతో కోశాక మిగిలిన ఒకటిన్నర మిల్లీమీటరు తీయడం పెద్ద పని కాదు. మెషిన్ పొడి ఇల్లంతా పట్టదు, పొట్టు చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గరే పడుతుంది, కరెంటుతో పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పట్టుకు కాగితమంత మందం తీసే వీలు దీనిలో ఉంది కనుక పొరపాటున ఎక్కువ తెగిపోయే భయం చాలా తక్కువ.

తలుపు పొడవు అంచుకు 14 అంగుళాల ఇనుప రందా, అంటే 5వ నంబరు జాక్ ప్లేన్ కొనండి. 4వ నంబరు పది అంగుళాల లోపే ఉంటుంది. ఏడడుగుల అంచు మీద అది ఎత్తుపల్లాల వెంట ఎక్కి దిగుతుంది గానీ వాటిని చదును చేయదు. పొడవైన రందా మిట్టల మీద మాత్రమే కూర్చుని వాటిని తీసేస్తుంది. అడుగు అంచులోని పోగు తెగిన ముఖానికి, మూలలు సవరించడానికి చేతిలో ఇమిడే బ్లాక్ ప్లేన్ ఉపయోగం. దీనిలో తక్కువ వాలు రకంలో బ్లేడు 12 డిగ్రీల మీద పడుకుని ఉంటుంది. 25 డిగ్రీల పదునుతో కలిపి 37 డిగ్రీలకు కోస్తుంది. జాక్ ప్లేన్‌లో కోత 45 డిగ్రీలు. తక్కువ వాలు కోత పోగు కొసలను చీల్చకుండా కోస్తుంది.

స్టాన్లీ, మన దేశంలోనే తయారయ్యే అనంత్, గ్రోజ్ రందాలు దుకాణాల్లో దొరుకుతాయి. ఏదైనా సరే, కొనేటప్పుడు అడుగు మీద ఉక్కు స్కేలును నిలువుగా పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. ముందు కొస, బ్లేడు సందుకు ముందున్న అంచు, వెనక కొస ఈ మూడూ స్కేలుకు తగులుతూ ఉంటే చాలు, మధ్యలో సన్నని పల్లం ఉన్నా నష్టం లేదు. పెట్టెలోంచి తీసిన బ్లేడు పనికి రాదు. 25 డిగ్రీలకు సాన పట్టి, చివరి అంచును 30 డిగ్రీలకు నునుపు రాయి మీద తీర్చాలి. ముంజేతి వెంట్రుకలు తెగేంత పదును రావాలి. బ్లేడు మీద ఉండే మూత ఇనుమును కొస నుంచి మిల్లీమీటరు లోపులో బిగిస్తే ఎదురు పోగు ఉన్న చోట కూడా చెక్క చీలదు.

సన్‌మైకా తలుపులకు మాత్రం రందా వాడవద్దు. రెండు మూడు పట్లకే పదును పోతుంది. అక్కడ పైన చెప్పిన కార్బైడ్ బ్లేడే సరైనది. కాబట్టి మీ రెండు మైకా తలుపుల కోసం మెషిన్‌ను అద్దెకు తెచ్చుకుని, రందా సొంతంగా కొనుక్కోవడం నా సలహా. వానాకాలంలో తలుపు కాస్త రాసుకున్నప్పుడు ఆ చిన్న పనికి మెషిన్ తీయబుద్ధి కాదు.

డాలస్_తెలుగు:

ఒక్క విషయం కలుపుతాను. తలుపు అమర్చడం గురించి ఇంటర్నెట్‌లో కనబడే అమెరికా వీడియోలను చూసి కొలతలు నిర్ణయించుకోవద్దని కాకినాడవారికి మనవి. ఇక్కడి ఇళ్లలో లోపలి తలుపులు ఎక్కువగా బోలువి, ఒకటీ మూడు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే 35 మి.మీ. మందంలో ఉంటాయి. అంచున గట్టి చెక్క సుమారు అంగుళమే ఉండి, లోపల అట్టతో చేసిన తేనెపట్టు గళ్లు ఉంటాయి. పైగా కొత్త తలుపులు గుమ్మంతో, బందులతో కలిపే వస్తాయి. గుమ్మం వెనక చీలికలు పెట్టి సందు సరిచేస్తారు గనుక ప్లేనర్ అవసరం తక్కువ. మీది గట్టి చట్రం ఉన్న తలుపు, ఒరిగిన పాత గుమ్మం. రెండింటికీ కలిసేది ఎనిమిదో వంతు అంగుళం సందు ఒక్కటే. అది దాదాపు మీ 3 మి.మీ.యే.

కాకినాడ_గృహస్థు:

అందరికీ ధన్యవాదాలు. తూకపు గుండు వేసి చూశాను. బందుల వైపు కమ్మీ నిలువుగానే ఉంది, తేడా తాళం వైపే ఉంది. జాక్ ప్లేన్ కొని, మైకా తలుపులకు మెషిన్ అద్దెకు తెచ్చుకునే పద్ధతి నాకు నచ్చింది. పూజగది తలుపు గురించి ఎవరైనా చెప్పగలరా? ఒక్కో రెక్క 300 మి.మీ. వెడల్పు, 38 మి.మీ. మందం. వేసవిలో సులువుగా మూసుకుంటుంది, ఆగస్టు వచ్చేసరికి రెండో రెక్క మొదటి రెక్కకు తగిలి ఆగిపోతుంది.

విశాఖ_కలప:

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ప్రశ్న ప్రతి వానాకాలం వస్తుంది. ప్లేనర్ తీసేముందు చెక్క ఎంత ఉబ్బగలదో లెక్క వేసుకోవడం మంచిది.

చెక్క పోగు వెంట దాదాపుగా పెరగదు, పోగుకు అడ్డంగానే ఉబ్బుతుంది. కాబట్టి తలుపు ఎత్తులో మార్పు రాదు, వెడల్పులోనే వస్తుంది. టేకు పచ్చిచెక్కగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఆరేవరకు చెట్టు ఎదుగుదల వలయాల వెంట దాదాపు 5.8 శాతం, వాటికి అడ్డంగా దాదాపు 2.5 శాతం కుదించుకుంటుంది. కలపల్లో ఇది తక్కువే. అంటే తేమ ఒక శాతం మారితే వెడల్పు ఎక్కువలో ఎక్కువ 0.2 శాతం మారుతుంది. మీ రెక్కలో నిలువు పట్టీలు రెండూ కలిపి 150 మి.మీ. ఉన్నాయనుకుందాం. నడుమ పలక గాడిలో వదులుగా ఉంటే దాని ఉబ్బు గాడిలోనే సర్దుకుంటుంది, లెక్కలోకి రాదు. వేసవికీ వానాకాలానికీ చెక్కలోని తేమ 4 శాతం మారినా రెక్క పెరిగేది 1.2 మి.మీ., రెండు రెక్కలూ కలిపి 2.4 మి.మీ. రెండు పక్కలా, రెక్కల నడుమా ఉన్న మూడు సందులూ కలిపి అంతకన్నా తక్కువ వదిలిన తలుపు ఆగస్టులో పట్టేయడంలో వింత లేదు. 50 మి.మీ. కన్నా పలచని తలుపుల కలపకు ఐ.ఎస్. 287 అనే భారతీయ ప్రమాణం ప్రాంతపు వాతావరణాన్ని బట్టి 8 నుంచి 14 శాతం తేమను అనుమతిస్తుంది; ఒకే కలప వేర్వేరు చోట్ల వేర్వేరుగా ఎందుకు ప్రవర్తిస్తుందో ఆ అంకెలే చెబుతాయి.

పలకను ఎవరైనా జిగురుతో గాడిలో అతికించి ఉంటే, లేదా ఏళ్ల తరబడి వేసిన పెయింటు గాడిని పూడ్చి ఉంటే పలక కూడా పట్టీలను బయటికి తోస్తుంది. అప్పుడు అంచు తీయడం కన్నా గాడి వెంట పెయింటును కత్తితో కోసి పలకను విడిపించడం ముందు చేయాలి.

ఇంకొక మాట. వానాకాలం నడిమధ్యలో, చెక్క నిండుగా ఉబ్బి ఉన్నప్పుడు 3 మి.మీ. సందు వచ్చేలా తీస్తే మే నెలలో ఆ సందు 5 మి.మీ. దాటి కనబడుతుంది. ఇప్పుడు తీయాల్సి వస్తే రాసుకోకుండా ఉండేంత, అంటే ఒక మిల్లీమీటరు ఖాళీ వచ్చేంతే తీయండి. ఏ చోట రాసుకుంటోందో తెలియడానికి ఒక రెక్క అంచుకు సుద్దముక్క రుద్ది మూయండి. రెండో రెక్క మీద తెల్లగా అంటిన చోటే తీయాలి.

గోదావరి_వడ్రంగి:

పై లెక్కకు తోడు మరో కారణం మీరిచ్చిన కొలతల్లోనే కనబడుతోంది. తలుపు బందు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. మూసేటప్పుడు తాళం వైపు అంచులో ముందుగా లోపలికి పోయే మూల ఇరుసుకు తక్కిన అంచుకన్నా దూరంగా ఉంటుంది. 838 మి.మీ. వెడల్పు, 32 మి.మీ. మందం ఉన్న తలుపులో ఆ తేడా 0.6 మి.మీ. మాత్రమే, 3 మి.మీ. సందులో కలిసిపోతుంది. మీ పూజగది రెక్క 300 మి.మీ. వెడల్పు, 38 మి.మీ. మందం కనుక అక్కడ తేడా 2.4 మి.మీ. అవుతుంది. ఇరుకైన, మందమైన రెక్కల్లో అంచును వాలుగా చిత్రిక పట్టడం అందుకే తప్పదు. మూసేటప్పుడు ముందుగా లోపలికి పోయే ముఖం వైపు 2.5 మి.మీ. తగ్గేటట్లు, మనకు ఎదురుగా ఉండే ముఖం వైపు అసలేమీ తగ్గనట్లు వాలు ఇస్తే మూసి చూసినప్పుడు కనబడే సందు పెరగదు, రెక్క మాత్రం తగలకుండా దిగుతుంది. రెండో రెక్కకు, అంటే చివర మూసే రెక్కకు వాలు ఇస్తే చాలు. అంచున రెండు రెక్కలూ ఒకదానిపై ఒకటి ఎక్కేలా మెట్టు ఉంటే మెట్టు లోపలి మూలను కూడా ఉలితో సవరించాలి.

అయితే చిత్రిక పట్టేముందు బందుల మరలు చూడండి. తలుపు పై మూల ఒక్కచోటే రాసుకుంటూ ఉంటే అది ఉబ్బు కాదు, పై బందు వదులై రెక్క కిందికి జారడం. మరలు తిరుగుతూ బిగియకపోతే రంధ్రంలో టేకు పుల్లను జిగురుతో దిగ్గొట్టి, ఆరాక కొత్త మర బిగించండి. అలాంటి తలుపును అంచు తీసి సరిచేస్తే కొన్ని నెలలకు మళ్లీ అదే మూల రాసుకుంటుంది, ఈసారి తీయడానికి చెక్క ఉండదు. అలాగే తాళం ఇప్పటికే అమర్చి ఉన్న తలుపును తగ్గించాల్సి వస్తే తాళం వైపు కాకుండా బందుల వైపు తీసి, బందుల గాడులను ఉలితో అంత మేర లోతు చేసుకోవాలి.

కొత్త ఫ్లష్ డోర్లకు తాళం వైపు 2 మి.మీ. వాలు చాలు. ఒక్కోదానికి 4 అంగుళాల బందులు మూడు పెట్టండి, 32 మి.మీ. తలుపు బరువుకు రెండు చాలవు. సందులు చూసుకోవడానికి టైల్స్ మధ్య పెట్టే 3 మి.మీ. ప్లాస్టిక్ స్పేసర్లు బాగా పనికొస్తాయి. పైన రెండు, పక్కల మూడేసి ఉంచి తలుపును గుమ్మంలో నిలబెట్టి, అన్నీ ఒకే బిగువుతో లాగితే వస్తున్నాయో లేదో చూడండి. బిగుతుగా ఉన్న చోట మాత్రమే ఇంకో పట్టు పట్టండి. సరిపోయాక అంచుల పదును పోయేలా వి గాడితోనో, బ్లాక్ ప్లేన్‌తోనో ఒక్క పట్టు పట్టి, సన్న ఉప్పు కాగితం రుద్దండి.

ఆ సాయంత్రం లోపే పైఅంచుకు, అడుగు అంచుకు, బందుల గాడుల్లోకి కూడా ప్రైమరో, వార్నిషో రెండు పూతలు వేయండి. పోగు తెగిన ముఖం తేమను మిగతా ముఖాల కన్నా ఎన్నో రెట్లు వేగంగా పీల్చుతుంది, తడిగుడ్డతో గచ్చు తుడిచినప్పుడల్లా తడిసేది ఆ అడుగు అంచే. తలుపు బిగించాక అక్కడికి బ్రష్ పోదు కనుక అడుగుకు పూత ఆరిన తరువాతే తలుపును గుమ్మానికి ఎక్కించండి.